గవర్నరుని పీకేసిన ఇంజన్లు

శీర్షిక చూసి ఇదేదో రాజకీయాల టపా అనుకునేరు! తెలుగువాళ్ళకి గవర్నరు, పీకేయడం అన్న మాటలు పక్కపక్కన కనిపిస్తే 1984 ఆగస్టు గుర్తుకు రావడం సహజమే. రామ్‌లాల్ గారు ఎన్టీఆర్‌ని గద్దె దించడం, ఆ నెలాఖరుకే తన పదవి కూడా పోగొట్టుకోవడం.. అదంతా వేరే కథ. నేను చెప్పబోయేది ఇంజనులో ఉండే గవర్నరు గురించి. ఒక్క పోలిక మాత్రం ఉంది లెండి. ఈ గవర్నరుని తీసేసినా కుర్చీ ఖాళీగా ఉండదు, ఇంకెవరో వచ్చి కూర్చుంటారు. మినీబైకుల చరిత్రంతా నాకు ఈ కుర్చీ కథలాగే కనిపిస్తుంది.

ముందు మినీబైకంటే ఏమిటో చెప్పాలి. అమెరికాలో, ముఖ్యంగా నేనుండే మిడ్‌వెస్ట్ ప్రాంతంలో, వేసవి శనివారాలు గరాజ్ సేల్స్‌కి తిరిగేవాళ్ళకి ఇవి కనబడుతూనే ఉంటాయి. స్టీలు గొట్టాలు వంచి వెల్డింగు చేసిన ఫ్రేము, ఆరంగుళాల రిమ్ములు, షాకబ్జార్బర్ల ఊసే లేదు. మధ్యలో గడ్డి కోసే యంత్రం జాతికి చెందిన ఇంజను. గేర్లు లేవు. వేగం పెరిగితే దానంతట అదే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్చి, అక్కడినుంచి వెనక చక్రానికి చెయిను. చవకరకం వాటిలో బ్రేకు అంటే టైరుకి ఒక రేకుముక్క ఆనించడమే. 1960ల్లో సియర్స్, మాంట్‌గొమరీ వార్డ్ లాంటి కంపెనీలు వీటిని కేటలాగులో పెట్టి అమ్మేవి. ఒక తరం అమెరికన్ కుర్రాళ్ళు స్పానరు పట్టుకోవడం దీని మీదే నేర్చుకున్నారు.

ఇక గవర్నరు. పల్లెటూరినుంచి వచ్చినవాళ్ళకి దీన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. పొలంలో ఆయిలింజను నడుస్తున్నప్పుడు పంపు నీళ్ళు ఎత్తుకోగానే శబ్దం మారుతుంది, ఒక్క క్షణం బరువుగా మూలిగి మళ్ళీ అదే లయకి వచ్చేస్తుంది. ఎవరూ యాక్సిలరేటరు తిప్పలేదు. లోపల తిరిగే రెండు గుళ్ళు ఆ పని చేశాయి. వేగం పెరిగితే గుళ్ళు బయటికి విచ్చుకుని ఇంధనం తగ్గిస్తాయి, వేగం పడితే ముడుచుకుని పెంచుతాయి. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి పెట్టింది ఇదే. దీని గణితాన్ని 1868లో మాక్స్‌వెల్ ఒక వ్యాసంగా రాశాడు. 1948లో నార్బర్ట్ వీనర్ సైబర్నెటిక్స్ అని పేరు పెట్టిన శాస్త్రానికి మూలం చుక్కాని పట్టేవాడన్న అర్థం ఉన్న గ్రీకు మాట. గవర్నర్ అన్న మాట కూడా ఆ గ్రీకు మూలం నుంచే లాటిన్ మీదుగా వచ్చింది. మా ఆఫీసులో రాత్రీ పగలూ మా ప్రాణం తీసే కూబర్నెటీస్ కూడా సాక్షాత్తూ ఆ మాటే :) కాబట్టి నా వృత్తికీ ఈ తుప్పు పట్టిన ఇనుముకీ చుట్టరికం ఉందనే అంటాను.

చిన్న ఇంజన్లలో దీన్ని ఇంకా చవగ్గా చేశారు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాళ్ళ పాత ఇంజన్లు చాలావాటిలో గుళ్ళు కూడా లేవు. ఫ్లైవీలుకి ఉన్న రెక్కలు ఇంజనుని చల్లబరచడానికి గాలి విసురుతాయి కదా, ఆ గాలికి అడ్డంగా ఒక పల్చటి రేకు పెట్టారు. రేకుని థ్రాటిలుకి కలిపారు. వేగం పెరిగితే గాలి పెరుగుతుంది, గాలి పెరిగితే రేకు జరిగి థ్రాటిలు మూస్తుంది. ఒక చిన్న స్ప్రింగు వెనక్కి లాగి తెరుస్తుంది. అంతే! ఇంతకంటే తక్కువ ఖర్చులో ఫీడ్‌బాక్ లూప్ నేనెక్కడా చూడలేదు. సుమారు 3600 ఆర్‌పీఎం దగ్గర ఈ తూకం కుదిరేలా చేసి పంపేవాళ్ళు.

3600 ఎందుకు? ఇదే ఇంజను జెనరేటరుకీ బిగిస్తారు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి రెండు పోల్స్ ఉన్న జెనరేటరు సరిగ్గా 3600 దగ్గరే తిరగాలి (మన దగ్గర 50 హెర్ట్జ్, అందుకే 3000). గడ్డి కోసే యంత్రానికైతే కత్తి అంచు వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని భద్రతా ప్రమాణం ఉంది, అది ఇంకా తక్కువలోనే ఆపమంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ ధరకి చేసిన భాగాలు రోజంతా నడిచినా నిలబడే వేగం అది. ఇక్కడే రెండు వర్గాలు ఏర్పడతాయి. "కంపెనీవాడు పిసినారి, లోపల ఉన్న పవరు మనకివ్వకుండా దాచేశాడు" అనేది మొదటి వర్గం. అరవై ఏళ్ళుగా కుర్రకారంతా ఇందులోనే ఉన్నారు. "దాచింది పవరు కాదు, నీ కాలు" అనేది రెండోది. నేను రెండోదాంట్లో ఉన్నాను, కానీ మొదటివాళ్ళంటే నాకు ఇష్టమే. వాళ్ళు లేకపోతే ఈ చరిత్రే లేదు మరి.

ఆ కంపెనీ సంగతి కాస్త చెప్పుకోవాలి. స్టీఫెన్ బ్రిగ్స్ దక్షిణ డకోటాలో ఇంజనీరింగు చదివేటప్పుడు కాలేజీ ప్రాజెక్టుగా ఆరు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను గీశాడు. ధాన్యం వ్యాపారి హెరాల్డ్ స్ట్రాటన్‌తో కలిసి 1908లో మిల్వాకీలో కంపెనీ పెట్టాడు. ఆరు సిలిండర్ల కల అమ్ముడుపోలేదు. చివరికి బతికించింది ఒంటి సిలిండరే. 1919లో ఏ.ఓ. స్మిత్ కంపెనీ దగ్గర మోటార్ వీల్ అనే సరుకు హక్కులు కొన్నారు. సైకిలు పక్కన బిగించుకునే చక్రం, దానికే ఇంజను. దాన్నే చెక్కపలకల బండికి ఐదో చక్రంగా తగిలించి ఫ్లయర్ అని అమ్మారు. క్లచ్చి లేదు. ఆ ఐదో చక్రాన్ని నేలకి దించితే బండి నడుస్తుంది, ఎత్తితే ఆగుతుంది. 125 డాలర్ల చుట్టుపక్కల ధర. అంత చవక కారు మళ్ళీ రాలేదంటారు. నన్నడిగితే మినీబైకుకి తాతగారు ఈ ఫ్లయరే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊరి బయట కొత్త కాలనీలు, ప్రతి ఇంటి ముందూ పచ్చిక. దాన్ని కొయ్యడానికి ఇంటికో యంత్రం. 1953లో బ్రిగ్స్ వాళ్ళు అల్యూమినియం పోతపోసిన తేలిక ఇంజను తెచ్చాక గడ్డి యంత్రం అందరికీ అందుబాటులోకొచ్చింది. యంత్రం పాడైతే పారేసేవాళ్ళు, ఇంజను మాత్రం బాగానే ఉండేది. అలా దేశమంతా గరాజుల్లో చిన్న ఇంజన్లు పోగుపడ్డాయి. ఓ పదేళ్ళ పిల్లాడి చేతికి ఖర్చులేని ఇంజను దొరకడమన్నది ప్రపంచ చరిత్రలో అంతకుముందెప్పుడూ జరగలేదు!

పెద్దవాళ్ళు మాత్రం ఊరుకున్నారా? 1956లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో రేసుకార్లు చేసే కర్టిస్ క్రాఫ్ట్ కంపెనీ పనివాడు ఆర్ట్ ఇంగెల్స్, తన స్నేహితుడు లూ బొరెల్లితో కలిసి, గడ్డి యంత్రం వ్యాపారంలో మిగిలిపోయిన రెండున్నర హార్స్‌పవర్ వెస్ట్ బెండ్ టూ స్ట్రోక్ ఇంజనుతో మొట్టమొదటి గోకార్టు చేశాడు. మూడేళ్ళు తిరక్కుండానే రంపాలు చేసే మెకల్లక్ కంపెనీ కార్టుల కోసమే ఇంజను అమ్మడం మొదలెట్టింది. ఒహాయోలోని మాన్స్‌ఫీల్డ్‌లో మికీ రప్ అనే కుర్రాడు కార్టులతో మొదలుపెట్టి మినీబైకుల్లోకి దిగాడు. తమాషా ఏంటంటే, అదే మనిషి 1965 ఇండియనాపొలిస్ 500లో పరుగెత్తి ఆరో స్థానంలో వచ్చాడు. పిల్లల బండ్లు చేసేవాడు అసలు సిసలు రేసరన్నమాట. ఇంక ఆ పిల్లలు గవర్నరుని బతకనిస్తారా?

సరే, పీకేద్దాం. రేకు గవర్నరయితే స్ప్రింగుకి ఒక తీగ చుట్టేసి థ్రాటిలు నేరుగా మన చేతిలో పెట్టుకోవచ్చు. రెండు నిమిషాల పని. ఇప్పుడేమవుతుంది? ఇంజను హద్దు లేకుండా తిరుగుతుందనుకుంటాం. తిరగదు. పాత బ్రిగ్స్ సైడు వాల్వు ఇంజను, అంటే వాల్వులు పైన హెడ్డులో కాకుండా సిలిండరు పక్కన బ్లాకులోనే ఉంటాయి. వాటి స్ప్రింగులు మెత్తన. ఒక వేగం దాటాక వాల్వు మూసుకునేలోపే కామ్ మళ్ళీ వచ్చేస్తుంది, వాల్వు గాల్లో తేలుతుంది, పవరు చచ్చిపోతుంది. అంటే ఆ మెత్తటి స్ప్రింగే రెండో గవర్నరు. కుర్రాళ్ళు అదీ మార్చేశారు, గట్టి స్ప్రింగులు వేశారు. అప్పుడు కార్బొరేటరు సన్నదనం అడ్డొచ్చింది. పెద్ద జెట్టు వేశారు, పొగగొట్టం తీసేసి సూటి పైపు పెట్టారు. అప్పుడు హెడ్డు. లేత్ మీదో, అద్దం మీద పరిచిన ఎమరీ కాగితం మీదో హెడ్డు అరగదీస్తే కంప్రెషను పెరుగుతుంది. కానీ సైడు వాల్వులో గాలి వాల్వు దగ్గర్నుంచి సిలిండరు మీదికి అడ్డంగా దూకాలి, హెడ్డు అరగదీసినకొద్దీ ఆ దారి ఇరుకవుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం. అందుకే అనుభవజ్ఞులు హెడ్డుని కొంచెమే కోసి, వాల్వుల మీద భాగాన్ని తొలిచేవాళ్ళు. ఫ్లైవీలు తాళంచెవిని కాస్త పక్కకి జరిగేలా చేసి స్పార్కు నాలుగు డిగ్రీలు ముందుకి తెచ్చేవాళ్ళు. పోటీలవాళ్ళు పెట్రోలు మానేసి మెథనాల్ పోశారు. అది రెట్టింపుకి పైగా తాగుతుంది గానీ ఆవిరయ్యేటప్పుడు వేడిని లాగేస్తుంది, గాలితో చల్లబడే ఇంజనుకి అమృతమే.

ఇన్ని కుర్చీలు ఖాళీ చేయించాక చివరి కుర్చీలో కూర్చునేది కనెక్టింగ్ రాడ్డు.

ఇక్కడ కాస్త లెక్కలు చూద్దాం, మనవాళ్ళకి లెక్కలంటే భయం లేదుగా. బ్రిగ్స్ వారి ప్రసిద్ధమైన ఐదు హార్స్‌పవర్ ఇంజనులో పిస్టను ప్రయాణం 2.4375 అంగుళాలు, అంటే దాదాపు 62 మిల్లీమీటర్లు. సిలిండరు సామర్థ్యం 206 సీసీ. 3600 దగ్గర పిస్టను పైకి వచ్చి ఆగి తిరిగేచోట దాని త్వరణం, రాడ్డు వంపు వల్ల వచ్చే అదనం వదిలేసినా, గురుత్వానికి 450 రెట్లు. లెక్క సులువు కోసం పిస్టను పావుకిలో అనుకుందాం. ప్రతి చుట్టుకీ రాడ్డుకి 110 కిలోలు వేలాడదీసినట్టు, సెకనుకి అరవై సార్లు. ఇప్పుడు వేగం రెట్టింపు చెయ్యండి. బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 450 కిలోలు, సెకనుకి 120 సార్లు. ఇంకో చిత్రం, రాడ్డుని విరిచేది పేలుడు కాదు. పేలే స్ట్రోకులో మంట పిస్టనుని కిందికి నొక్కి ఈ లాగుడుని కొంత తగ్గిస్తుంది. పొగ బయటికిపోయే స్ట్రోకు చివర పైన ఏ ఒత్తిడీ ఉండదు, పిస్టను ఎగిరిపోదామని చూస్తుంది, రాడ్డు ఒక్కటే పట్టుకుని లాగాలి. చాలామటుకు తెగేది అక్కడ. ఆ రాడ్డేమో పోత అల్యూమినియం. బేరింగు పెంకులు కూడా లేకుండా నేరుగా క్రాంకు మీద తిరుగుతుంది. ఆయిలు పంపు లేదు, రాడ్డు కిందున్న చిన్న గరిటె నూనెని చిమ్మితే అదే అభిషేకం. తెగిన రాడ్డు బ్లాకుని పొడుచుకుని బయటికొస్తుంది.

అదీ ఫరవాలేదు, ఇంజనే పోతుంది. అసలు భయం ఫ్లైవీలుతో. పోతపోసిన చక్రం, లోపల అయస్కాంతాలు, వేగం రెట్టింపయితే తనని తాను చీల్చుకునే బలం నాలుగు రెట్లు. అది పగిలితే ముక్కలు తుపాకీ గుండ్లలా వస్తాయి. మినీబైకు మీద కూర్చున్నవాడి మోకాలికి అది ఎంత దూరమో ఒకసారి ఊహించుకోండి. జానెడు.

మావాడికి పన్నెండేళ్ళు. మా గరాజులో ఉన్న పాత ఫ్రేముకి గవర్నరు తీసేద్దామని నెలరోజులు పోరాడు. వీడియోల్లో అందరూ తీసేస్తున్నారట. "నాన్నా, నువ్వు నీ పీసీని ఓవర్‌క్లాక్ చేశావు కదా, ఇదీ అంతేగా" అన్నాడు. గట్టి వాదనే, ఏమాటకామాటే చెప్పుకోవాలి. "ఒరే, ప్రాసెసరు వేడెక్కితే తనే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. అందులో గవర్నరు ఎక్కడికీ పోలేదురా, నాకు కనబడకుండా ఉంది అంతే. దీంట్లో అదొక్కటే ఉంది" అన్నాను. నమ్మలేదు. ఇద్దరం కలిసి ఇంజను విప్పాం. రాడ్డు తీసి వాడి అరచేతిలో పెట్టాను. "ఇంతేనా?" అన్నాడు. పైన చెప్పిన లెక్క వాడిచేతే చేయించాను. తర్వాత బండి లెక్క: టైరు పదమూడు అంగుళాలు, చెయిను తగ్గింపు ఆరుకి ఒకటి అనుకుంటే 3600కి గంటకి 37 కిలోమీటర్లు, 7200కి దాదాపు 75. ఆపడానికి ఆ రేకుముక్క బ్రేకు. దూరం నాలుగు రెట్లు. వాడు బేరం మార్చాడు: గట్టి రాడ్డు, బిల్లెట్ ఫ్లైవీలు, మంచి బ్రేకు కొన్నాకే గవర్నరు మాట. ధరలు వాడే చూసుకుని వచ్చాడు. ప్రస్తుతం పాకెట్ మనీ పోగుచేస్తున్నాడు, తొందరేం లేదు :)

హార్స్‌పవర్ అన్న మాట వచ్చింది కాబట్టి చిన్న పిట్టకథ. డబ్బా మీద ఐదు అని రాసి ఉంటే లోపల ఐదే ఉంటుందని మనం నమ్ముతాం. గడ్డి యంత్రాల మీద వేసే హార్స్‌పవర్ అంకెలు ఎక్కువ చేసి చెబుతున్నారని అమెరికాలో కొనుగోలుదారులు పెద్ద దావా వేశారు. చేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు చాలా కంపెనీలు అందులో ప్రతివాదులు. 2010లో 65 మిలియన్ డాలర్ల రాజీతో ముగిసింది. ఆ గొడవల తర్వాత చాలా యంత్రాల మీద హార్స్‌పవర్ మాయమై టార్క్ అంకె వచ్చింది. కంపెనీవాడు పవరు దాచాడన్న మొదటి వర్గం వాదనకి ఇంతకంటే మంచి జవాబు లేదు. దాచడం మాట అటుంచి, లేనిది కూడా ఉందని రాశారు!

మినీబైకుల మొదటి వైభవం ఎంతోకాలం నిలవలేదు. 1960ల చివర్లో హోండా వాళ్ళ జెడ్50 అమెరికాకి వచ్చింది. దీని పూర్వీకుడు 1961లో జపాన్లో తమా టెక్ అనే వినోదాల పార్కు కోసం చేసిన బుల్లి బండి. 49 సీసీనే, కానీ ఓవర్‌హెడ్ కామ్, మూడు గేర్లు, అసలైన బ్రేకులు. అంటే మోటారుసైకిలు కోసమే పుట్టిన ఇంజను. దాని పక్కన గడ్డి యంత్రం ఇంజను అరువు తెచ్చుకున్న చొక్కాలా కనిపించింది. 1970ల్లో రప్ కంపెనీ దివాలా తీసింది. రప్ వాడిన ఇంజన్లు చేసిన టెకమ్సే కంపెనీ 2008 చివర్లో చిన్న ఇంజన్ల వ్యాపారమే మూసేసింది. బ్రిగ్స్ కూడా 2020లో దివాలా కోర్టుకెళ్ళి చేతులు మారి బతికింది.

కానీ ఆ ఐదు హార్స్‌పవర్ సైడు వాల్వుకి 1990ల్లో రెండో జన్మ దొరికింది. న్యూజెర్సీలో ఓల్డ్ బ్రిడ్జ్ టౌన్‌షిప్ రేస్‌వే పార్కు నడిపే కుటుంబంలోని విన్సెంట్ నాప్ తన కొడుకు కోసం సగం సైజు డ్రాగ్‌స్టర్ చేశాడు, దానికి ఈ ఇంజనే. అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ 1992లో దాన్ని పిల్లల పోటీగా మొదలెట్టింది. బిల్లెట్ రాడ్డు, బిల్లెట్ ఫ్లైవీలు, మెథనాల్, పైన చెప్పిన మంత్రాలన్నీ వేసి, చివరికి బ్లాకు కూడా కొత్తగా చెక్కించి, ఐదు హార్స్‌పవర్‌ని గుర్తుపట్టలేనంతగా పెంచేశారు. ఇక ఇంజనులో అడ్డుకునే భాగమే మిగల్లేదు. అప్పుడేం చేశారో తెలుసా? నియమం రాశారు. పెద్ద పిల్లలకి ఎనిమిదో వంతు మైలు 7.90 సెకన్లకంటే ముందు దాటకూడదు, గంటకి 85 మైళ్ళు మించకూడదు. చిన్న పిల్లలకి ఇంకా నెమ్మది. దాటితే ఆ పరుగు చెల్లదు. ఇంజనులోంచి పీకేసిన రేకుని తెచ్చి నియమావళిలో బిగించారన్నమాట!

బ్రిగ్స్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. 2010ల్లో కార్టు పోటీల్లో బాగా వ్యాపించిన వాళ్ళ 206 ఇంజను ఫ్యాక్టరీలోనే సీలు వేసి వస్తుంది, ఎవరూ విప్పడానికి లేదు. 6100 దగ్గర ఎలక్ట్రానిక్ లిమిటరు. చిన్నపిల్లల తరగతులకి కార్బొరేటరులో గాలిదారిని తగ్గించే స్లైడు వేస్తారు, వయసుని బట్టి ఒక్కో రంగు. పిల్లాడు పెరిగితే స్లైడు మారుతుంది, ఇంజను అదే. "పాతకాలం మజా పోయింది, ఇప్పుడు రెంచి పట్టుకునే పనే లేదు" అని పాత రేసర్లు బాధపడతారు. బాధలో నిజముంది. విప్పడానికి వీల్లేని ఇంజను మీద ఎవరూ ఇంజనీరు కాలేరు. అయినా గెలుపు జేబు బరువుని బట్టి కాకుండా నడిపేవాడిని బట్టి వచ్చే పోటీ ఇదేనని నాకనిపిస్తుంది.

విప్పాలనుకునేవాళ్ళకి వేరే దారి దొరికింది లెండి. 1983లో వచ్చిన హోండా జీఎక్స్ వరస ఇంజన్లకి చైనాలో నకళ్ళు పుట్టాయి. హార్బర్ ఫ్రైట్ కొట్టులో 212 సీసీ ప్రెడేటర్ దొరుకుతుంది. మా పక్కవీధి కుర్రాళ్ళు దాన్నే పాత మినీబైకు ఫ్రేములకి బిగిస్తున్నారు. వాల్వులు హెడ్డులోకి వచ్చేశాయి, గాలి బాగా పీలుస్తుంది. గవర్నరు మాత్రం క్రాంక్‌కేసు లోపల, ఒక ప్లాస్టిక్ పళ్ళచక్రం మీద. అంటే తియ్యాలంటే నూనె వంపి, పక్క మూత విప్పాలి. మూత ఎలాగూ విప్పాక రాడ్డు కళ్ళెదుటే ఉంటుంది. మావాడు అటు వెళ్ళినప్పుడల్లా ఆ కుర్రాళ్ళని "ఫ్లైవీలు మార్చారా?" అని అడుగుతున్నాడట, వాళ్ళకి చిరాకొస్తోందట.